రొట్టెల బండి గొంతు

"ఎవరు మార్చారు?"

చిన్నోడు ఈ మాట మొదట ఇంజన్‌నే అడిగినట్టు అడిగాడు. తర్వాత షెడ్డు గోడల్ని అడిగినట్టు అడిగాడు. ఇప్పుడు తలెత్తి తల్లిని అడిగాడు.

షెడ్డమ్మ టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. ఆవిడ అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. బండ్లు బాగుచేసే పెద్ద మేస్త్రి, ఆవిడ మొగుడు, బతికున్నన్నాళ్ళూ ఆయన పక్కన నిలబడి స్పానర్లు అందించింది. ఆయన పోయాక షెడ్డు తాళాలు ఆవిడ చేతికొచ్చాయి. పేరూ అలాగే ఉండిపోయింది.

కొనడానికొచ్చిన పళ్ళ డాక్టరు ఇంకా డ్రైవరు సీట్లోనే ఉన్నాడు. తిప్పిన తాళం మీదనుంచి చెయ్యి తియ్యలేదు. నేలకి అతుక్కున్నట్టుండే ఎర్ర రేసు బండి, చిన్నోడు వారంగా రుద్ది రుద్ది అద్దంలా చేసిన బండి, అందరి ముందూ దగ్గుతోంది. ముసలాయన పొద్దున్నే మంచం మీద లేచి కూర్చుని గొంతు సవరించుకున్నట్టు కాసేపు దగ్గి, కాసేపు ఆగి, మళ్ళీ దగ్గుతోంది.

"ఆపండి డాక్టరుగారూ," అన్నాడు చిన్నోడు. "అది దీని గొంతు కాదు."

డాక్టరు ఆపాడు. లోతు సీట్లోంచి మోకాళ్ళు పట్టుకుని బయటికొచ్చి, వెనక్కి వెళ్ళి, ఎత్తి ఉన్న మూత కిందికి వంగాడు. జేబులోంచి చిన్న టార్చి తీశాడు. పేషెంట్ల నోట్లో వేసే టార్చే అయి ఉంటుంది. ఇంజన్ పక్కన చెక్కిన నంబరు చూశాడు, చేతిలోని కాగితం చూశాడు, మళ్ళీ నంబరు చూశాడు.

"తమ్ముడూ, నేను రోజంతా జనం చేత నోళ్ళు తెరిపించి బతికేవాణ్ణి. సొంత పన్నేదో కట్టుడు పన్నేదో చూడగానే తెలుస్తుంది నాకు. కానీ తనకి కట్టుడు పన్ను ఉందని తనకే తెలీని మనిషిని ఇదే చూడ్డం."

చిన్నోడు నవ్వలేదు. ఎడమ కాలి బరువంతా కుడి కాలి మీదికి మార్చి, బండి అంచు పట్టుకుని నిలబడ్డాడు. రాడ్డు వేసింది ఆ ఎడమ కాలికే. ఎక్కువసేపు నిలబడితే నొప్పి మొహంలోకి వచ్చేస్తుంది.

"నన్ను మోసం చేశారని అనట్లేదు," అన్నాడు డాక్టరు. "నీ మొహం చూస్తే తెలుస్తోంది. కానీ ఈ ఇంజన్‌తో నాకొద్దు. దీని సొంతది తెచ్చి కూర్చోబెడితే మాట తప్పను, అనుకున్న ధరకే తీసుకుంటా. అయ్యేదీ లేనిదీ మధ్యాహ్నంలోగా ఒక ఫోను చెయ్యి. రేపు ఇంకో బండి చూడ్డానికి ఊరు దాటి వెళ్ళాలి."

టీ వద్దన్నాడు. గేటు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి ఒక గ్లాసు తీసుకుని నిలబడే తాగేశాడు. మంచి మనిషే. అదే ఇంకా బాధగా ఉంది షెడ్డమ్మకి.

*

డాక్టరు వెళ్ళాక చిన్నోడు బెంచీ ముందున్న స్టూలు మీద కూలబడ్డాడు. బెంచీ నిండా బండ్లని స్టార్టు చేసే సెల్ఫు మోటార్లు, విప్పి పెట్టినవి. కాలు విరిగాక బండి కింద పడుకుని చేసే పని వాడికి కుదరదు. కూర్చుని చేసే పనే వాడిది. ఎర్ర బండి అమ్మి క్లచ్ లేని బండి ఒకటి కొనుక్కుంటానని, దాన్ని అద్దెకి తిప్పుకుని తన కూడు తను తింటానని నెల రోజులుగా ఒకటే పాట.

"నేను ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడే జరిగుండాలి," అన్నాడు. "షెడ్డు తాళం ఎవరి దగ్గరుండేది? నలిగిన ముందు భాగం సరిచేసి రంగేసిన ఆ పెయింటరు దగ్గర ఒకటుండేది. వాడి చూపే నాకు మొదటినుంచీ నచ్చదు."

"పెయింటరుని ఎందుకు తిడతావు," అంది షెడ్డమ్మ.

"మరి ఎవర్ని తిట్టాలి? చెప్పు, వాళ్ళనే తిడతా. ఇంజన్ ఎత్తుకుపోవడమంటే కప్పీ తాడు కావాలి, ఇద్దరు మనుషులు కావాలి. జేబులో వేసుకుపోయే వస్తువా అది?"

"ఎవరూ ఎత్తుకుపోలేదు."

చిన్నోడు స్టూలు తల్లి వైపు తిప్పాడు.

షెడ్డమ్మ పళ్ళెం బెంచీ మీద పెట్టింది. చల్లారిన టీ మీద తొరక కట్టింది. వేలితో దాన్ని పక్కకి జరుపుతూ అంది, "మీ నాన్నే మార్చాడు. కప్పీ తాడు నేనే పట్టుకున్నా."

వీధిలో ఎవరో గ్యాస్ సిలిండరు దొర్లించుకుంటూ పోతున్నారు. ఆ చప్పుడు మెల్లిగా దూరమైంది.

"నాన్నా?"

"ఆయనే."

"నువ్వు తాడు పట్టుకున్నావు."

"ఆయనకి ఇంకెవరున్నారు? నువ్వు మంచం మీద ఉన్నావు."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

ఆ ప్రశ్నకి షెడ్డమ్మ నిజంగా తెల్లబోయింది. కొడుకు కోప్పడతాడనుకుంది, అరుస్తాడనుకుంది. ఈ మాట అడుగుతాడని అనుకోలేదు.

"నీకు తెలీదా?" అంది.

"తెలిస్తే పొద్దున డాక్టరుగార్ని సీట్లో కూర్చోబెట్టి తాళం చేతికిస్తానా? ఊరందరి ముందూ పరువు పోగొట్టుకోడానికి సరదానా నాకు?"

"మీ నాన్న చెప్పాడనుకున్నా. వాడికి నేనే చెప్తా, మీరెవరూ నోరెత్తొద్దు అన్నాడు. నువ్వు ఇంటికొచ్చాక ఒకసారి అడిగా కూడా, వాడికి చెప్పావా అని. తల ఊపాడు."

"నాన్న తల ఊపుడు."

"అవును."

పెద్ద మేస్త్రి తల ఊపుడు సంగతి ఇద్దరికీ తెలిసిందే. బండి ఎప్పుడిస్తారని అడిగినా అలాగే ఊపేవాడు, అన్నం తింటావా అన్నా అలాగే ఊపేవాడు. అవుననో, చూద్దామనో, ఇప్పుడు నన్ను కదిలించొద్దనో, ఎవరికి కావలసిన అర్థం వాళ్ళు తీసుకోవాలి. సగం ఊరు బేరాలు ఆ తల ఊపుడు మీదే నడిచాయి.

"నెల కిందటిదాకా నువ్వు ఆ బండి ఊసే ఎత్తలేదు," అంది షెడ్డమ్మ. "దాని దగ్గరికి కూడా పోలేదు. తెలిసి, కడుపులో పెట్టుకుని ఊరుకున్నావనుకున్నా, డాక్టరుకీ చెప్పే పిలిచావనుకున్నా. పైగా ఎర్ర గుడ్డ కూడా కళ్ళముందే ఉందాయె."

ఎర్ర గుడ్డ మేస్త్రి అలవాటు. పని మధ్యలో ఆగిన ఏ బండికైనా స్టీరింగుకి ఎర్ర పీలిక కట్టేవాడు. అది కట్టి ఉన్నంతవరకూ దాన్ని ఎవరూ స్టార్టు చెయ్యకూడదు, యజమాని అయినా సరే. ఈ బండి స్టీరింగుకీ అది రెండేళ్ళుగా వేలాడుతూనే ఉంది. ఈరోజు పొద్దున చిన్నోడే విప్పి జేబులో పెట్టుకున్నాడు.

"నన్ను దాని జోలికి పోవద్దని కట్టాడనుకున్నా," అన్నాడు చిన్నోడు మెల్లిగా. "అందుకే పోలేదు. పాలిష్ పెట్టా, బ్యాటరీ ముందు డిక్కీలో ఉంటుంది కాబట్టి అది బిగించా. పొద్దున అది దగ్గేదాకా వెనక మూత ఎత్తడానికి చెయ్యి రాలేదు. ఇంజన్ వెనక ఉండబట్టే యాక్సిడెంటు రోజు దానికి గీత పడలేదు. నా కాలు నుజ్జయింది, దానికేం కాలేదు. చూడబుద్ధి కాలేదు."

జేబులోంచి పీలిక తీసి బెంచీ మీద పడేశాడు.

"సరే. ఇది ఎవరి ఇంజనో చెప్పు. నాది ఎక్కడుందో చెప్పు."

షెడ్డమ్మ నోరు తెరిచింది. కానీ చెప్పాల్సిన పని పడలేదు.

వీధి చివర రొట్టెల వాను మలుపు తిరిగింది.

*

రోజూ ఈ వేళకే వస్తుంది. పొద్దున్నే కొండ మీది హాస్టలుకి, ఆసుపత్రికి రొట్టెలు వేసి, ఖాళీ ట్రేలు గలగలలాడించుకుంటూ కిందికి దిగి, బేకరీకి వెళ్ళే దారిలో షెడ్డుని ఆనుకున్న వీళ్ళ ఇంటి ముందు ఒక్క నిమిషం ఆగుతుంది. షెడ్డమ్మ కూతురు దిగి, అమ్మకో రొట్టె ఇచ్చి, రెండు మాటలు మాట్లాడి పోతుంది. అల్లుడు దిగడు. రెండేళ్ళుగా దిగడం లేదు. ఇంజన్ ఆపకుండా స్టీరింగు పట్టుకుని ఎదురుగా రోడ్డునే చూస్తూ కూర్చుంటాడు.

ఇంటి ముందు గేరు మార్చినప్పుడు ఆ వాను ఒక గొంతు చేస్తుంది. ట్రేల గలగల కింద, తుప్పు రేకుల గడగడ కింద, నున్నగా, లోతుగా, అణిచిపెట్టుకున్నట్టు ఒక గర్ర్ మనే గొంతు. రొట్టెలు మోసే బండికి ఆ గొంతు ఏమిటని వీధిలో కుర్రాళ్ళు తలతిప్పి చూస్తారు.

చిన్నోడు రోజూ వినే గొంతే అది. ఈరోజు స్టూలు మీదనుంచి లేచి నిలబడ్డాడు.

షెడ్డమ్మ వాడి మొహం చూసి కళ్ళు దించుకుంది.

"సీటు కిందా?" అన్నాడు.

"సీటు కిందే," అంది.

వాడు కుంటుకుంటూ గేటు దాటాడు. వాను తలుపు మీద అరచెయ్యి ఆనించి, అట్లాగే కాసేపు ఉంచాడు. అక్క రొట్టె పొట్లంతో దిగబోతూ వాడి వంక చూసి ఆగిపోయింది.

"బావా, ఇంజన్ ఆపు," అన్నాడు.

అల్లుడు రోడ్డు మీదనుంచి చూపు తిప్పలేదు. "మళ్ళీ మొదలుపెట్టావా?"

"ఏం మొదలుపెట్టాను?"

"అదే. రోజూ చేసేదే. 'బావా, నీ బండి గొంతు భలేగా ఉంది. బావా, ఎక్కడ చేయించావు? బావా, ఇంజన్ ఎవరు కూర్చోబెట్టారు, దండం పెట్టాలి వాడికి.' నలుగురి ముందూ, నవ్వుతూ. నాకు సిగ్గులేదనుకున్నావా? నేనేమైనా అడిగానా మీ నాన్నని? ఆయనే పిలిచి పెట్టాడు. అది నీదని నాకు తెలీదా? రోజూ గుచ్చి గుచ్చి గుర్తుచెయ్యాలా?"

చిన్నోడు తలుపు మీదనుంచి చెయ్యి తీశాడు.

"అందుకేనా లోపలికి రావడం మానేశావు?" అన్నాడు.

"ఇంకెందుకు? మీ ఇంటి టీ చేదనా?"

"నేను నిజంగానే మెచ్చుకున్నా బావా."

"ఏంటీ?"

"నాకు తెలీదు. ఇందాకటిదాకా తెలీదు. గొంతు బాగుందనే అన్నా. నీతో మాట్లాడ్డానికి నాకింకేం తెలుసు? బండ్లే కదా తెలిసింది."

వాను మెల్లిగా గురగురలాడుతూనే ఉంది. అల్లుడు చూపు మొదటిసారి రోడ్డు మీదనుంచి కదిలి చిన్నోడి మొహం మీదికి, అక్కడినుంచి గుమ్మంలో నిలబడ్డ అత్తగారి మీదికి వచ్చింది.

ముందు నవ్వింది కూతురు. రొట్టె పొట్లం గుండెలకి హత్తుకుని, వాను మెట్టు మీదే కూర్చుని నవ్వింది. "రెండేళ్ళు," అంది. "అయ్యో దేవుడా, రెండేళ్ళనుంచి ఈయన ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, మీ తమ్ముడు ఈరోజు ఏమన్నాడో తెలుసా అని పళ్ళు నూరడం. నేనేమో కాలు విరిగినవాడు పాపం, ఒక మాట అంటే అన్నాడులే అని సర్ది చెప్పడం..."

నవ్వుతూ నవ్వుతూనే ఏ క్షణాన ఏడుపు మొదలైందో ఆవిడకీ తెలియలేదు.

అల్లుడు తాళం తిప్పాడు. వాను నోరు మూసుకుంది. రెండేళ్ళ తర్వాత ఆ గుమ్మం ముందు అది మూగబోవడం అదే మొదలు.

*

వంటింటి బల్ల చుట్టూ కూర్చున్నారు. అల్లుడు కుర్చీ అంచున, ఎప్పుడైనా లేచిపోవడానికి వీలుగా. షెడ్డమ్మ కొత్తగా టీ పెట్టింది. ఎవరి గ్లాసు వాళ్ళ ముందుంది, ఎవరూ ముట్టుకోలేదు.

అపార్థం తొలగితే అన్నీ సర్దుకుంటాయని కాసేపు ఆశపడింది షెడ్డమ్మ. కానీ డాక్టరు సంగతి చెప్పగానే కూతురు కళ్ళు తుడుచుకుని నిటారుగా కూర్చుంది.

"అంటే ఇంజన్ విప్పి ఇవ్వాలా?"

"నాది నాకివ్వమంటున్నా," అన్నాడు చిన్నోడు. "మీది మీకు ఇచ్చేస్తా. రెండు రోజుల పని."

"మాది మాకిచ్చేస్తావు. ఆ దగ్గేదాన్ని వేసుకుని కొండెక్కమంటావు. ఇదివరకు ఎట్లా ఉండేదో తెలుసా నీకు? సగం దారిలో ఆగిపోయేది, నేను దిగి రాళ్ళు పెట్టేదాన్ని చక్రాల కింద. పైకి చేరేసరికి పిల్లలు బడికి వెళ్ళిపోయేవాళ్ళు. హాస్టలు వార్డెను ఇంకొక్కసారి ఆలస్యమైతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తానన్న రోజే నాన్న మమ్మల్ని పిలిచాడు."

"అవన్నీ నాకెట్లా తెలుస్తాయి? నేను మంచం మీద ఉన్నా."

"అవును, మంచం మీద ఉన్నావు. ఎందుకున్నావో అది కూడా చెప్పు."

"అక్కా."

"హక్కు గురించి మాట్లాడుతున్నావు కదా. వెళ్ళి ఆ మలుపులో ఉన్న స్తంభాన్ని అడుగు ఎవరి హక్కు ఎంతో."

షెడ్డమ్మ "చాలు" అంది. కానీ మాట అప్పటికే బల్ల మీద పడిపోయింది. ఆ వీధి దాటగానే కొండ దారి తిరిగే మలుపు. అక్కడి స్తంభాలన్నీ తుప్పు పట్టినవే. ఒక్కటి మాత్రం కొత్తది. దాని పక్కనుంచి పోవాల్సి వస్తే షెడ్డమ్మ ఇప్పటికీ అవతలి వైపు నడుస్తుంది.

అల్లుడు గొంతు సవరించుకున్నాడు. "ఇవ్వాల్సింది ఇచ్చేద్దాం అత్తయ్యా. వాడి వస్తువు వాడు అడిగాడు. వాడు కూర్చుని మోటార్లు గోక్కుంటూ ఎన్నాళ్ళని బతుకుతాడు?"

"ఆహా, నువ్వు దానకర్ణుడివి," అంది కూతురు. "రేపు కొండ మీద వానుని వెనకనుంచి తొయ్యడానికి కూడా నువ్వే రా. నేను స్టీరింగు పట్టుకుంటా."

"నాకు దానం వద్దు బావా," అన్నాడు చిన్నోడు. "నాది నాకు కావాలి, అంతే."

"అదే కదా ఇస్తానన్నా."

"ఇస్తానన్న తీరు బాలేదు."

"ఇంకే తీరుగా ఇవ్వాలిరా? పళ్ళెంలో పెట్టి, పైన పువ్వు పెట్టి ఇవ్వనా?"

ముగ్గురూ ఒక్కసారే మాట్లాడ్డం మొదలుపెట్టారు. షెడ్డమ్మ ఎవర్నీ వినడం లేదు. ఆవిడ చెవుల్లో వేరే చప్పుడుంది. ఆ ఇంజన్ మళ్ళీ ఆ ఎర్ర బండిలో పడితే డాక్టరుకి ఇచ్చేముందు ఒక్కసారి చూద్దామని వీడు తాళం తిప్పకుండా ఉంటాడా? ఒక్కసారి విన్నాక అమ్మబుద్ధి అవుతుందా?

కాలు వంగదు, క్లచ్ తొక్కలేడు. డాక్టర్లు చెప్పారు, వాడే చెప్పాడు. ఎన్నో రాత్రులు ఆవిడ ఆ మాట పట్టుకునే నిద్రపోయింది. కొడుకు కాలు వంగదన్న మాట తల్లికి ధైర్యమివ్వడం ఎంత పాపమో తెలిసి కూడా.

"మీ నాన్న ఏమన్నాడో చెప్పనా?" అంది.

ముగ్గురూ ఆగారు.

"కప్పీకి వేలాడుతోంది ఇంజను. నేను తాడు పట్టుకున్నా. ఆయన కిందినుంచి చూస్తూ అన్నాడు, 'ఈ వేగం వీడి కిందుంటే మనల్ని తినేస్తుంది. రొట్టెల కిందుంటే అమ్మాయి వాళ్ళకి తిండి పెడుతుంది.' అంతే అన్నాడు. ఇద్దరు పిల్లలకీ ఒక్క పనితో సర్దేశాననుకున్నాడు. నిన్ను శిక్షించడానికి కాదురా."

చిన్నోడు తల వంచుకుని గ్లాసు అంచు మీద వేలు తిప్పుతున్నాడు.

"మరి ఎర్ర గుడ్డ ఎందుకు కట్టాడు?" అన్నాడు. "పని అయిపోతే గుడ్డ విప్పేవాడు నాన్న. ఒక్కసారి కూడా మర్చిపోలేదు. పని మిగిలుందనే కదా కట్టి ఉంచాడు? మళ్ళీ నాది నాకు పెడదామనే కదా?"

"లేకపోతే నీకు చెప్పడం మిగిలుందేమో," అంది కూతురు.

"నీకు తెలుసా?"

"నాకు తెలీదు. నీకూ తెలీదు."

ఇద్దరూ తల్లి వంక చూశారు. షెడ్డమ్మకీ తెలియదు. మొగుడితో అన్నేళ్ళు కాపురం చేసి, ఆయన చేతికి ఏ నంబరు స్పానరు కావాలో అడక్కుండానే అందించిన మనిషికి ఆ ఒక్క పీలిక ఎందుకు కట్టాడో తెలియలేదు.

చిన్నోడు చెయ్యి చాపాడు.

"తాళం ఇవ్వు బావా. ఒక్కసారి కూర్చుని వింటా. దగ్గరగా విని చాలా కాలమైంది."

అల్లుడు భార్య వంక చూశాడు. భార్య తల్లి వంక చూసింది.

"విను," అంది షెడ్డమ్మ. "విని వచ్చెయ్. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం."

తాళం బల్ల మీదనుంచి జారుతూ వాడి చేతిలోకి వెళ్ళింది. ఫోను అక్కడే వదిలేసి, గోడ పట్టుకుని కుంటుకుంటూ బయటికి వెళ్ళాడు.

*

వాను స్టార్టయింది.

లోపల ముగ్గురూ విన్నారు. వాడు యాక్సిలరేటరు మెల్లిగా తొక్కి వదిలాడు. మళ్ళీ తొక్కాడు. గిన్నెల అరలో చెంచాలు సన్నగా మోగాయి.

"వాడి మొహం ఎట్లా ఉండుంటుందో," అంది కూతురు. కోపం కాస్త తగ్గిన గొంతు. "చిన్నప్పుడు నాన్న హారను విప్పి ఆడుకోడానికిస్తే పడుకునేటప్పుడు కూడా పక్కలో పెట్టుకునేవాడు."

"ఇద్దరం కలిసి ఏదో ఒకటి చూద్దాంలే," అన్నాడు అల్లుడు. మొదటిసారి టీ గ్లాసు ఎత్తాడు. "వేరే ఇంజను ఎక్కడైనా దొరకదా? పాత బండ్లు అమ్మేచోట వెతికితే..."

బయట చప్పుడు మారింది.

చిన్న మార్పే. వేరేవాళ్ళకి తెలిసేది కాదు. తిరుగుతున్న ఇంజన్‌కి బరువు తగిలినప్పుడు గొంతు ఒక్క మెట్టు కిందికి దిగుతుంది, అది. షెడ్డమ్మ తలెత్తింది.

"గేరు వేశాడు," అంది.

"ఎట్లా వేస్తాడమ్మా? క్లచ్..."

ట్రేలు గలగలమన్నాయి. అల్లుడు కుర్చీ తన్నేసి లేచాడు. ముగ్గురూ గుమ్మంలోకి వచ్చేసరికి వాను గేటు ముందు లేదు. వీధి సగంలో ఉంది. వెనక తలుపు సరిగ్గా పడక తెరుచుకుని మూసుకుంటోంది. ఒక ఖాళీ ట్రే రోడ్డు మీద పడి గిరగిర తిరిగి ఆగింది.

రెండో గేరు పడింది. తడబాటు లేదు, కుదుపు లేదు. ఎడమ కాలు తొక్కి, వదిలి, తొక్కి, వదిలి చేసే పని.

అప్పుడు గుర్తొచ్చింది షెడ్డమ్మకి. మధ్యాహ్నాలు ఆవిడ నడుం వాల్చినప్పుడు షెడ్డులోంచి వచ్చే చప్పుడు. కిర్రుమని, టప్పుమని. మళ్ళీ కిర్రు, టప్పు. బెంచీ కింద ఏదో స్ప్రింగు సరిచూస్తున్నాడనుకుంది. మోటార్ల పని కదా, స్ప్రింగులు ఉంటాయనుకుంది. అది మోటారు స్ప్రింగు కాదు. ఎప్పుడో పాత బండికి విప్పిన క్లచ్ పెడలు బెంచీ కిందుంటుంది, ఆవిడే తన చేత్తో అక్కడికి తోసింది, వాడు తొక్కుతున్నది దాన్నే.

"వాడి కాలు," అంది కూతురు. "అమ్మా, వాడి కాలు వంగుతోంది."

"వంగుతోంది."

"మరి క్లచ్ లేని బండి కొనుక్కుంటానని ఎందుకే అన్నాడు? నెల రోజులుగా ఎందుకు చెప్తున్నాడు మనకి?"

కొడుక్కి చెప్పకుండా ఇంట్లో అందరూ ఒకటి దాచారు. అందరికీ చెప్పకుండా కొడుకు ఒకటి దాచాడు. ఎవరిది పెద్దదో ఇప్పుడు తూచే ఓపిక షెడ్డమ్మకి లేదు.

అల్లుడు వాను వెనక పరుగెత్తాడు. నాలుగు ఇళ్ళు దాటి, ఇక అందదని తెలిసి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయాడు.

మూడో గేరు పడింది. ఇక వాను కనిపించడం లేదు, వినిపించడమే. తుప్పు రేకుల చప్పుడు వెనకపడింది, ట్రేల గలగల కరిగింది. మిగిలింది ఆ గొంతు ఒక్కటే. రెండేళ్ళు రొట్టెల కింద అణిగి ఉన్న గొంతు. ముందుంది మలుపు.

వంటింట్లో చిన్నోడి ఫోను మోగడం మొదలుపెట్టింది.

ఎవరూ కదల్లేదు. అది మోగి మోగి ఆగి, మళ్ళీ మోగింది. షెడ్డమ్మ చెవులు వీధి చివరే వదిలేసి, కాళ్ళతో లోపలికి నడిచింది. పళ్ళ డాక్టరు.

"తమ్ముడూ, ఏమైంది?" అన్నాడాయన. "ఇంజను సంగతి తెలిసిందా?"

మలుపు దగ్గర గొంతు దిగింది. మూడులోంచి రెండుకి. నెమ్మదిగా, జాగ్రత్తగా, మేస్త్రి దింపినట్టే. షెడ్డమ్మ బల్ల అంచు పట్టుకుంది. స్తంభం దగ్గర ఒక్క క్షణం అసలు ఏమీ వినిపించలేదు. ఆ తర్వాత మళ్ళీ లేచింది, అవతలి వైపునుంచి.

తిరిగి వస్తుందని ఎదురుచూసింది. రావడం లేదు. కొండ దారి పట్టింది.

"హలో? తమ్ముడూ?"

"నేను వాళ్ళమ్మని డాక్టరుగారూ," అంది షెడ్డమ్మ. బెంచీ మీద పడేసిన ఎర్ర పీలిక తలుపులోంచి కనిపిస్తోంది. "ఇంజను దొరికింది. బండి కూడా ఇక్కడే ఉంది. అమ్మేవాడే ఇంట్లో లేడు."